చల్లటి ఇంజన్ దగ్గరే బేరం మొదలు

గుడిబండ, రొళ్ల, అగళి మండలాల వాళ్లకు బెంగళూరు పరాయి ఊరేమీ కాదు. మడకశిర, హిందూపురం దాటి గౌరిబిదనూరు, దొడ్డబళ్లాపురం మీదుగా పోతే పూట లోపల చేరిపోవచ్చు. అందుకే ఈ వైపు సెకండ్ హ్యాండ్ కారు మాట వస్తే చూపు ముందు అటే పోతుంది. అక్కడి పాత కార్ల షెడ్లలో కుర్రాళ్ల కాళ్లు కదలనివ్వని వరస ఒకటుంటుంది. 2013లో వచ్చిన ఫోక్స్‌వాగన్ పోలో జీటీ టీఎస్ఐ, 2015 నాటి ఫియట్ అబార్త్ పుంటో, స్కోడా ఆక్టేవియా ఆర్ఎస్, డబ్బుంటే రెండు తలుపుల ఆడీ టీటీ, పోర్షే బాక్స్‌స్టర్. కొత్తగా ఉన్నప్పుడు అందని ధర. ఏడెనిమిదేళ్లు తిరిగాక చేతికందేలా కనిపిస్తుంది. అలా కనిపించడం వెనక కొంత భౌతికశాస్త్రం ఉంది. అది తెలియకుండా టోకెన్ అడ్వాన్స్ ఇస్తే, కారు ధరలో మిగిలిందనుకున్న డబ్బు మెకానిక్ షెడ్డుకు చేరుతుంది.

మామూలు కారుకూ స్పోర్ట్స్ కారుకూ తేడా ఎక్కడ? పోలోలోనే చూద్దాం. మామూలు పోలో 1.2 లీటర్ల పెట్రోల్ ఇంజన్ 75 హార్స్‌పవర్ ఇచ్చేది. జీటీ టీఎస్ఐ ఇంజన్ పరిమాణమూ 1.2 లీటర్లే. కానీ టర్బో సాయంతో 105 హార్స్‌పవర్ ఇస్తుంది. అంత చిన్న ఇంజన్ ఎక్కువ పని చేయాలంటే ఎక్కువ గాలి, ఎక్కువ పెట్రోల్ మండాలి. మండిన పెట్రోల్ శక్తిలో చక్రాల దాకా చేరేది మూడో వంతు లోపే. మిగతాది వేడిగా మారి సైలెన్సర్ గుండానో, రేడియేటర్ గుండానో పోవాలి. కాబట్టి ఇలాంటి బండి జబ్బుల్లో ఎక్కువ భాగం వేడి తెచ్చిపెట్టినవే. పెయింటు పాలిష్ చేయించవచ్చు, మీటర్ తిప్పించవచ్చు. వేడి వల్ల లోహంలో, రబ్బరులో, ఆయిల్‌లో వచ్చిన మార్పులను మాత్రం పైపూతతో చెరిపేయలేరు. వాటిని చదవడానికి ఒక వరస ఉంది. ముందు చల్లగా చూడాలి, తర్వాత కొలవాలి, ఆ తర్వాత వేడెక్కించి నడపాలి.

బానెట్ మీద చెయ్యి

బండి చూడ్డానికి వస్తున్నామని చెప్పేటప్పుడే ఒక మాట అనండి: "మేం వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దన్నా." వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా తగిలితే ఆ రోజుకు పరీక్ష అయిపోయినట్టే. ఇంకో రోజు పొద్దున్నే రండి.

కారణం చాలా సాదా. లోహం వేడెక్కితే వ్యాకోచిస్తుంది. అరిగిన పిస్టన్‌కూ సిలిండర్‌కూ మధ్య ఉన్న అదనపు సందు, ఇంజన్ కాగిన కొద్దీ తగ్గిపోతుంది, దాంతో చప్పుడు కూడా అణుగుతుంది. రాత్రంతా నిలిపిన బండిలో ఆయిల్ అంతా కిందికి జారి చాంబర్‌లో ఉంటుంది. టైమింగ్ చైన్‌ను బిగపట్టి ఉంచే టెన్షనర్‌కు ఆయిల్ ప్రెషర్ అందడానికి క్షణం పడుతుంది. స్టార్ట్ చేయగానే ఒకటి రెండు సెకన్లు గలగలమని ఆగిపోతే భయం లేదు. ఆ శబ్దం అలాగే సాగితే చైన్ సాగిందనో, టెన్షనర్ అలసిందనో అర్థం. కాగిన ఇంజన్‌లో ఇది వినపడకపోవచ్చు. అమ్మేవాడు మీరొచ్చే ముందే ఇంజన్ వేడి చేసి పెట్టడానికి ఇంతకంటే కారణం అక్కర్లేదు.

స్టార్ట్ చేసేటప్పుడు ఒకరు సైలెన్సర్ వెనక నిలబడాలి. పొగ రంగే సగం కథ చెబుతుంది. డిసెంబరు పొద్దున హిందూపురంలో తెల్లటి ఆవిరి కాసేపు రావడం సహజం. లీటరు పెట్రోల్ మండితే దాదాపు లీటరు నీళ్లు పుడతాయి, చలికి అవే ఆవిరిగా కనిపిస్తాయి. ఇంజన్ కాగాక కూడా తెల్లపొగ ఆగకపోతే, అందులో తియ్యటి వాసన ఉంటే, కూలెంట్ సిలిండర్‌లోకి దిగి మండుతోందని అనుమానించాలి. నీలం పొగ వస్తే ఇంజన్ ఆయిల్ మండుతున్నట్టు. స్టార్ట్ చేసిన క్షణంలోనో, యాక్సిలరేటర్ వదిలి మళ్లీ తొక్కినప్పుడో కనిపిస్తే వాల్వ్ సీళ్ల మీద అనుమానం. గట్టిగా లాగేటప్పుడు వస్తే పిస్టన్ రింగులో, టర్బోనో. నల్లపొగ వస్తే పెట్రోల్ అవసరానికి మించి పడుతోందన్నమాట.

పొగ చూశాక ఇంజన్ ఆపి, ఆయిల్ పోసే మూత తిప్పి దాని అడుగు చూడండి. వెన్న రంగు నురుగు అంటుకుని ఉంటే నీరూ ఆయిలూ కలుస్తున్నాయి. దగ్గరి దూరాలే తిరిగే బండిలో కొద్దిగా తేమ పేరుకోవచ్చు. డిప్‌స్టిక్ మీద కూడా అదే నురుగు ఉంటే హెడ్ గ్యాస్కెట్ పోయినట్టే లెక్క. కూలెంట్ డబ్బాలో నూనె తెట్టు ఉందేమో కూడా చూడాలి. ఈ మూతలన్నీ చల్లగా ఉన్నప్పుడే తీయాలి. రేడియేటర్ లోపల ఒత్తిడి ఉండబట్టే కూలెంట్ నూరు డిగ్రీలు దాటినా మరగదు. వేడి మీద మూత తీస్తే ఒత్తిడి ఒక్కసారిగా పడిపోయి, కూలెంట్ ఆవిరై ముఖానికి కొడుతుంది.

కంప్రెషన్ గేజ్ ఏం చెబుతుంది

చూపుతో చూసింది అనుమానం, కొలిచింది సాక్ష్యం. మీకు నమ్మకమున్న మెకానిక్‌ను వెంట తీసుకెళ్లి, కంప్రెషన్ టెస్ట్ చేయించండి. స్పార్క్ ప్లగ్గులు విప్పి, ఆ రంధ్రంలో గేజ్ బిగించి, స్టార్టర్‌తో ఇంజన్‌ను కొన్ని చుట్లు తిప్పుతారు. పిస్టన్ గాలిని ఎంత గట్టిగా అదుముతోందో ముల్లు చూపుతుంది. బాగున్న పెట్రోల్ ఇంజన్లలో సాధారణంగా 150 నుంచి 200 పీఎస్ఐ మధ్య ఉంటుంది. అసలు అంకె కంటే సిలిండర్ల మధ్య తేడా ముఖ్యం. నాలుగూ 170 దగ్గర ఉంటే నిశ్చింత. మూడు 175 చూపించి, ఒకటి 130 దగ్గర ఆగిపోతే బేరం అక్కడే ఆపాలి.

తక్కువ వచ్చిన సిలిండర్‌లో చెంచాడు ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ కొలుస్తారు. ఆయిల్ రింగుల సందును తాత్కాలికంగా మూస్తుంది. అంకె పెరిగితే రింగులు అరిగాయి. పెరగకపోతే గాలి వాల్వుల నుంచో గ్యాస్కెట్ నుంచో పోతోంది.

లీక్‌డౌన్ టెస్ట్ అనే ఇంకో పరీక్ష ఉంది, అది ఇంకాస్త లోతుకు పోతుంది. పిస్టన్‌ను పైకి తెచ్చి, సిలిండర్‌లోకి కంప్రెసర్ గాలి ఎక్కిస్తారు. ఆ గాలి ఎక్కడి నుంచి తప్పించుకుంటోందో చెవితో వినాలి. సైలెన్సర్‌లో బుస్సుమంటే ఎగ్జాస్ట్ వాల్వ్. ఎయిర్ ఫిల్టర్ వైపు వినిపిస్తే ఇన్‌టేక్ వాల్వ్. ఆయిల్ మూత దగ్గర వినిపిస్తే రింగులు. కూలెంట్‌లో బుడగలు లేస్తే హెడ్ గ్యాస్కెట్. ఎంత గాలి పోతోందో గేజ్ శాతంలో చెబుతుంది. పది శాతం లోపుంటే మంచిది, ఇరవై దాటితే ఇంజన్ విప్పే ఖర్చు ముందుంది.

హెడ్ గ్యాస్కెట్ మీద అనుమానం మిగిలితే రసాయనం కూడా తోడొస్తుంది. రేడియేటర్ మూతి మీద ఒక గొట్టం పెట్టి, అందులో నీలం రంగు ద్రవం పోసి, ఇంజన్ నడుస్తుండగా కూలెంట్ పైన ఉన్న గాలిని దాని గుండా లాగుతారు. ఆ గాలిలో మండిన పెట్రోల్ తాలూకు కార్బన్ డయాక్సైడ్ ఉంటే ద్రవం ఆమ్లంగా మారి, నీలం పోయి పసుపు వస్తుంది. కూలెంట్‌లోకి సిలిండర్ వాయువు రావడానికి ఆరోగ్యమైన ఇంజన్‌లో దారే లేదు.

విప్పిన స్పార్క్ ప్లగ్గులను పక్కన పారేయకుండా వరసగా పెట్టి చూడండి. కొస లేత గోధుమ రంగులో ఉంటే బాగుంది. తడిగా నల్లగా ఉంటే ఆయిల్ వస్తోంది. తెల్లగా బొబ్బలెక్కి ఉంటే ఆ సిలిండర్ అతిగా వేడెక్కింది. నాలుగింటిలో ఒకటి మాత్రం వేరుగా ఉంటే రోగం ఏ సిలిండర్‌దో తెలిసిపోయినట్టే.

టర్బో, ట్యూనింగ్

టర్బో అంటే సైలెన్సర్‌కు పోయే వేడి వాయువుతో తిరిగే చిన్న చక్రం. అది ఇంకో చక్రాన్ని తిప్పి, ఇంజన్‌లోకి గాలిని బలవంతంగా తోస్తుంది. చిన్న పెట్రోల్ కార్లలో దాని వేగం నిమిషానికి లక్షన్నర, రెండు లక్షల చుట్లకు పోతుంది. వాయువు వేడి 900 డిగ్రీల సెల్సియస్ దాకా వెళ్లవచ్చు. ఆ రెండు చక్రాలను కలిపే షాఫ్ట్ చాలా టర్బోల్లో పలచటి ఆయిల్ పొర మీదే తేలుతూ తిరుగుతుంది. హైవే మీద గట్టిగా తోలి వచ్చి, వెంటనే ఇంజన్ ఆపితే ఆయిల్ ప్రవాహం ఆగుతుంది, వేడి మాత్రం ఉండిపోతుంది. ఆయిల్ అక్కడే మాడి బొగ్గుగా గడ్డ కడుతుంది. ఆయిల్ మార్పుల బిల్లులు వరసగా లేని టర్బో కారును కొనవద్దని మెకానిక్కులు చెప్పేది ఇందుకే.

గాలి గొట్టం విప్పి, కంప్రెసర్ చక్రం కొసను రెండు వేళ్లతో పట్టుకుని కదపాలి. పక్కకు అణువంత కదలిక మామూలే. ముందుకూ వెనక్కూ కదిలినా, రెక్కలు గోడకు రాసుకున్న గీతలు కనిపించినా టర్బో చివరి దశలో ఉంది.

ఇక ట్యూనింగ్. ఈసీయూ, అంటే ఇంజన్‌ను నడిపే కంప్యూటర్, ప్రోగ్రామ్ మార్చి టర్బో ప్రెషర్ పెంచితే అదే ఇంజన్ ఇంకో పాతిక ముప్పై హార్స్‌పవర్ ఇస్తుంది. దాని ఖర్చును క్లచ్, గేర్‌బాక్స్, పిస్టన్లు భరిస్తాయి. అమ్మే ముందు పాత ప్రోగ్రామ్ తిరిగి ఎక్కించేవాళ్లుంటారు. అయితే కొన్ని కంపెనీల ఈసీయూలు తమను ఎన్నిసార్లు రీప్రోగ్రామ్ చేశారో లెక్క దాచుకుంటాయి. కంపెనీ స్కానర్‌తో ఆ లెక్క బయటికి తీయవచ్చు. కంపెనీది కాని ఎయిర్ ఫిల్టర్, మార్చిన సైలెన్సర్, కొత్త బూస్ట్ మీటర్ కనిపించాయంటే ట్యూనింగ్ సంగతి గట్టిగా అడగండి.

ప్రతి మోడల్‌కూ ఒక సొంత బలహీనత ఉంటుంది. 1990ల చివరి నుంచి 2000ల మధ్య దాకా వచ్చిన పోర్షే బాక్స్‌స్టర్, 911 ఇంజన్లలో ఇంటర్మీడియట్ షాఫ్ట్ బేరింగ్ అలాంటిది. చిన్న బేరింగ్, కానీ అది పోతే ఇంజన్ మొత్తం పోతుంది. పోయే ముందు లోహపు పొడి వదులుతుంది. అందుకే తెలిసినవాళ్లు ఆయిల్ ఫిల్టర్‌ను కోసి, మడతలు విప్పి, ఎండలో పెట్టి చూస్తారు. మెరిసే రేణువులు కనిపిస్తే అయస్కాంతం దగ్గరికి తెస్తారు. అంటుకుంటే ఉక్కు, అంటే బేరింగో గేరో చైనో. అంటుకోకుండా వెండిలా మెరిస్తే అల్యూమినియం, అంటే పిస్టన్ వైపు. మీరు కొనబోయే మోడల్ జబ్బేమిటో ముందే తెలుసుకుని వెళ్లడం సగం పరీక్ష.

కిలోమీటర్ల లెక్క మోసం చేసే చోటు

పోలో జీటీ టీఎస్ఐలో ఉన్నది ఏడు గేర్ల డీఎస్‌జీ ఆటోమేటిక్ గేర్‌బాక్స్. రెండు పొడి క్లచ్‌లుంటాయి. ఒకటి బేసి గేర్లకు, ఇంకోటి సరి గేర్లకు. హైవే మీద ఇవి దాదాపు అరగవు. బెంగళూరు సిల్క్ బోర్డ్ కూడలిలో అడుగడుగునా ఆగి కదిలే బండిలో మాత్రం క్లచ్ సగం పట్టి సగం జారుతూనే ఉంటుంది. ఆ రాపిడే వేడి. అందుకే బెంగళూరు ట్రాఫిక్‌లో 40 వేల కిలోమీటర్లు తిరిగిన బండి క్లచ్, నేషనల్ హైవే 44 మీద 80 వేలు తిరిగిన బండి క్లచ్ కంటే ముసలిదై ఉండవచ్చు. ఈ గేర్‌బాక్స్‌కు ఇంకో చరిత్ర కూడా ఉంది. వేడి, తేమ ఎక్కువున్న ప్రాంతాల్లో సింథటిక్ గేర్ ఆయిల్ వల్ల విద్యుత్ లోపం రావచ్చని, 2013లో ఫోక్స్‌వాగన్ ప్రపంచవ్యాప్తంగా సుమారు 16 లక్షల కార్లను వెనక్కి పిలిచి మినరల్ ఆయిల్ పోయించింది.

పరీక్ష తేలికే. బ్రేక్ వదిలి, యాక్సిలరేటర్ తొక్కకుండా బండిని నెమ్మదిగా పాకనివ్వండి. వణికినా, కుదుపుతో ఎత్తేసినా క్లచ్ అలసిపోయింది. ఎత్తు మీద ఆపి మళ్లీ కదిలించి చూడండి. మాన్యువల్ గేర్ల బండైతే నాలుగో గేరులో నిదానంగా పోతూ ఒక్కసారిగా యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కాలి. ఇంజన్ చుట్లు ఎగిరి, వేగం పెరగకపోతే క్లచ్ ప్లేట్ జారుతోంది.

ఈ సాంకేతికత మన ప్రాంతానికి కొత్తేమీ కాదు. పెనుకొండ మండలం ఎర్రమంచి దగ్గర కియా కర్మాగారం నుంచి 2019లో బయటికొచ్చిన మొదటి సెల్టోస్ కార్లలోనే 140 హార్స్‌పవర్ టర్బో పెట్రోల్ ఇంజన్, ఏడు గేర్ల డ్యూయల్ క్లచ్ ఉన్నాయి. పాత టర్బో సెల్టోస్ కొనేవాళ్లకూ ఇవే పరీక్షలు వర్తిస్తాయి.

ఘాట్ దిగితే తెలిసే బ్రేకు

వేగం రెట్టింపైతే గతిశక్తి నాలుగింతలవుతుంది. 1,200 కిలోల కారు గంటకు 120 కిలోమీటర్ల వేగంలో మోసే శక్తి, రెండు లీటర్ల చన్నీళ్లను మరిగించేంత. గట్టిగా బ్రేకు వేసి ఆపితే ఆ వేడిలో ఎక్కువ భాగం నాలుగు డిస్కులే మింగాలి. డిస్క్ మీద నీలం మచ్చలుంటే అతిగా కాగిందని గుర్తు. అంచున గోరు తగిలేంత గట్టు ఉంటే అరిగింది. డిస్క్ మీదే కనిష్ఠ మందం మిల్లీమీటర్లలో అచ్చు వేసి ఉంటుంది, కొలిచి పోల్చుకోవచ్చు.

బ్రేక్ ఫ్లూయిడ్‌ను చాలామంది పట్టించుకోరు. అది గాలిలోని తేమను పీలుస్తుంది. డాట్ 4 రకం కొత్త ఫ్లూయిడ్ కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. తేమ చేరితే ఆ హద్దు 155కు దిగుతుంది. ఫ్లూయిడ్ మరిగితే పైపులో ఆవిరి బుడగలు పుడతాయి. ఆవిరి అదుముకుపోతుంది కాబట్టి పెడల్ మెత్తబడి కిందికి దిగిపోతుంది. పెనుకొండ–మడకశిర ఘాట్ లాంటి వాలు మీద ఇది ప్రాణాల సంగతి. టెస్ట్ డ్రైవ్‌లో ఖాళీ రోడ్డు చూసుకుని నాలుగైదు సార్లు వరసగా గట్టిగా బ్రేకు వేసి, పెడల్ గట్టిదనం మారుతోందేమో గమనించండి.

టైర్లను కూడా చదవాలి. పక్క గోడ మీద డాట్ కోడ్ చివరి నాలుగు అంకెలు 3521 అని ఉంటే, అది 2021లో 35వ వారం తయారైన టైరు. లోపలి అంచు మాత్రమే అరిగితే అలైన్‌మెంట్ తప్పింది, లేదా సస్పెన్షన్ బుష్‌లు పోయాయి. అక్కడక్కడా గుంటలు పడితే షాక్ అబ్జార్బర్లు పనిచేయడం లేదు. బండిని ర్యాంపు ఎక్కించి అడుగు చూడటం తప్పనిసరి. ఈ కార్లు నేలకు దగ్గరగా ఉంటాయి. మన ఊళ్ల స్పీడ్ బ్రేకర్లు వాటి ఆయిల్ చాంబర్‌ను గీరకుండా వదలవు. చాంబర్ అల్యూమినియందైతే సొట్ట పడేలోపే పగులుతుంది. అలాయ్ వీల్స్ లోపలి అంచున వెంట్రుక వాసి పగుళ్లు ఉన్నాయేమో టార్చ్ వేసి చూడండి.

నీళ్లు మింగిన బండి

2022 సెప్టెంబరు వానలకు బెంగళూరులో బెళ్లందూరు, యమలూరు వైపు ఖరీదైన విల్లాల్లో ఖరీదైన కార్లు నీట మునిగాయి. 2020 అక్టోబరులో హైదరాబాద్, 2024 సెప్టెంబరులో బుడమేరు వరదకు విజయవాడ అదే చూశాయి. బీమా కంపెనీ టోటల్ లాస్ కింద తీసేసిన బండి కూడా వేలంలో చేతులు మారి, బాగు చేయించుకుని మళ్లీ మార్కెట్‌కు రావచ్చు.

నీటిలో నడుస్తున్న ఇంజన్ నీళ్లు పీలిస్తే, గాలిలా అవి అణగవు. పిస్టన్ ఎదురు దెబ్బ తిని కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. వంగిన రాడ్ పొట్టిదవుతుంది కాబట్టి ఆ సిలిండర్‌లో కంప్రెషన్ కొంచెం తగ్గుతుంది. అంటే ఇందాకటి గేజ్ వరదను కూడా పట్టిస్తుంది. దానికి తోడు సీట్ బెల్టును చివరిదాకా లాగండి, లోపలి భాగంలో బురద చార ఉండిపోతుంది. స్టెప్నీ గుంటలో, సీట్ల కింది స్క్రూల మీద తుప్పు చూడండి. డాష్‌బోర్డు కింద ఏదైనా వైరింగ్ కనెక్టర్ విప్పి చూస్తే, తడిసిన రాగి మీద ఆకుపచ్చ పొడి కనిపిస్తుంది.

యాక్సిడెంట్ బండిని పట్టడానికి పెయింట్ మందం కొలిచే చిన్న మీటర్ ఉంటుంది. కంపెనీ పెయింట్ సాధారణంగా 100 నుంచి 150 మైక్రాన్ల దగ్గర ఉంటుంది. మళ్లీ పెయింట్ వేస్తే అది రెట్టింపవుతుంది. సొట్ట తీసి పుట్టీ పెట్టిన చోట 500 దాటుతుంది, వెయ్యి కూడా చూపవచ్చు. బంపరుకు పెయింట్ చేయించడం పెద్ద నేరం కాదు. పైకప్పు మీద, తలుపు స్తంభాల మీద అంకె పెరిగితే మాత్రం ఆ బండి బోల్తా పడిందనో, గట్టి దెబ్బ తిన్నదనో అనుకోవాలి.

చివరిగా, బండి కంప్యూటర్ నమోదు చేసిన లోపాల కోడ్లను చదివే ఓబీడీ స్కానర్. వెయ్యి, రెండు వేలకు దొరికే పరికరం ఫోన్‌తో కలిసి పనిచేస్తుంది. పీ0301 అని కోడ్ వస్తే ఒకటో సిలిండర్ సరిగా మండటం లేదు. ఏ కోడూ లేకపోయినా సంబరపడవద్దు. బండి తనను తాను పరీక్షించుకుందో లేదో చెప్పే రెడీనెస్ మానిటర్లు "పూర్తి కాలేదు" అని చూపిస్తే, మీరొచ్చే ముందే కోడ్లు చెరిపేసి ఉండవచ్చు. చాలా కార్లలో కిలోమీటర్ల లెక్క మీటర్‌లోనే కాకుండా గేర్‌బాక్స్, బ్రేక్ కంప్యూటర్లలో కూడా నిల్వ ఉంటుంది. మీటర్ తిప్పినవాడు అన్నిచోట్లా తిప్పి ఉండడు.

కాగితాల సంగతి క్లుప్తంగా. కర్ణాటక బండిని మన రాష్ట్రంలో పన్నెండు నెలలకు మించి ఉంచుకోవాలంటే ఇక్కడ తిరిగి రిజిస్టర్ చేయించాలి. దానికి అక్కడి ఆర్టీవో నుంచి ఫారం 28 మీద ఎన్ఓసీ కావాలి. బ్యాంకు అప్పు తీరినట్టు ఆర్సీలో హైపోథికేషన్ కొట్టేసి ఉండాలి, చలాన్లు కట్టి ఉండాలి. ఆంధ్రప్రదేశ్‌లో కట్టాల్సిన లైఫ్ టాక్స్‌ను బండి ధరలో కలిపి లెక్క వేయండి. చౌకగా కనిపించిన బేరం చాలాసార్లు ఇక్కడే ఖరీదైపోతుంది.

ఈ పరీక్షలన్నిటికీ ఒక పొద్దు, ఒక మెకానిక్ కూలి సరిపోతాయి. స్పోర్ట్స్ కారు మోజు తప్పు కాదు. బాగా చూసుకున్న పాత జీటీ, పాత అబార్త్ ఇప్పటికీ ఆనందంగా నడుస్తాయి. మీ దగ్గరున్న డబ్బంతా బండి మీదే పెట్టకుండా, మొదటి ఏడాది రిపేర్లకు ధరలో ఆరో వంతైనా పక్కన ఉంచుకోండి. అమ్మేవాడు చల్లటి ఇంజన్ చూపించనన్నా, ప్లగ్గులు విప్పనివ్వనన్నా, "ఇంకో పార్టీ రెడీగా ఉంది" అని తొందరపెట్టినా అడ్వాన్స్ ఇవ్వకుండా వచ్చేయండి. బెంగళూరులో పాత కార్లకు కరువు లేదు.